పెట్టెలో తలకిందులైన అడవి

బడిలో మా లెక్కల సారు నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. బండ అనే పిలిచేవాడు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, తర్వాత కొన్నేళ్లు నిజం బండల మధ్యే పనిచేశాను కాబట్టి ఇప్పుడు అనుభవంతో చెప్పగలను: ఆ సారు అవమానించింది నన్ను కాదు, బండను. బండకు జ్ఞాపకం ఉంటుంది. తన మీద ఎప్పుడు నీళ్లు పారాయో, ఎప్పుడు చెట్టు మొలిచిందో అన్నీ వరుసగా దాచుకుంటుంది. నాకు ఏడో ఎక్కం తర్వాత ఏదీ నిలవలేదు.

మొన్న గోదావరిఖనిలో యాకూబ్ కాక పోయిన నలభయ్యో రోజు భోజనాలకు వెళ్లాను. కాక డ్రిల్లరు. బొగ్గు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో తెలుసుకోవడానికి చేలల్లో మిషన్ నిలబెట్టి భూమిని తొలిచి చూసే బృందానికి పెద్ద. నాకు రక్తసంబంధం కాదు గాని ఆ మిషన్ దగ్గర చెమటోడ్చిన అందరికీ ఆయన కాకే. వాళ్లింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక గుండ్రటి రాయి అడ్డం పెట్టి ఉంది. మూరెడు పొడవు, నా మణికట్టంత లావు, విరిగిన రోకలి ముక్కలా ఉంటుంది. వచ్చినవాళ్లంతా దాన్ని దాటుకుని లోపలికి పోయారు. నేను చెప్పులు విడిచి అక్కడే చతికిలబడ్డాను. కళ్లు తిరిగాయనుకుని కాక కోడలు చక్కెర నీళ్లు తెచ్చింది. తాగాను, బాగానే ఉన్నాయి. కానీ నాకు కళ్లు తిరగలేదు. ఆ రాయి ఏ చేనులోంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ చేను ఇప్పుడు లేదు. చేనే కాదు, దాని కింద నేల కూడా లేదు. అక్కడ ఇప్పుడు గాలి ఉంది.

మాది బొగ్గు మీద బతికిన ఇల్లు. మా వైపు గనిని బాయి అంటారు. నాయిన మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేయకముందే అరుగు మీద కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుని తాగేవాడు. కడుక్కున్నా కనురెప్పల అంచున నల్లటి గీత మిగిలేది, సుర్మా పెట్టుకున్నట్టు. అమ్మ పొద్దున్నే సుత్తె వెనక వైపుతో బొగ్గు పెళ్లలను పగలగొట్టి, పాత బకెట్‌తో చేసిన పొయ్యిలో పేర్చి, కింద పిడక ముక్క అంటించి వాకిట్లో పెట్టేది. ఒక్క మా అమ్మే కాదు, క్వార్టర్ల వరుస మొత్తం అదే వేళకు అదే పని. తెల్లటి పొగ వాకిళ్ల మీదుగా మెల్లగా జరిగేది. దండెం మీద బట్టలకు ఆ వాసన, తలకొంగుకు ఆ వాసన, ఆఖరికి పచ్చిపులుసుకూ ఆ వాసన. పొగలేని పచ్చిపులుసు మొదటిసారి చుట్టాలింట్లో తిన్నప్పుడు అందులో ఏదో వేయడం మరిచిపోయారని అన్నాను. ఇంత చేసి, ఆ ఇంట్లో బొగ్గు అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. నేను చిన్నప్పుడు ఒకసారి అడిగితే నాయిన, బొగ్గంటే బొగ్గే అన్నాడు. చాలా మంచి జవాబు, నాకు ఎక్కడా సందేహం మిగల్లేదు.

ఇరవై దాటాక రామగిరి దగ్గరి చేలల్లో బోరు క్యాంపులో పనికి కుదిరాను. మూడు డేరాలు, ఒక మిషన్, ఒక నీళ్ల గుంట. ఆ మిషన్ నీళ్ల బోరు లాంటిది కాదు. నీళ్ల బోరు రాయిని పిండి చేసి పైకి ఊదేస్తుంది. మాది రాయిని పాడు చేయకుండా, జామకాయలో గొట్టం గుచ్చి తీసినట్టు గుండ్రటి కడ్డీలుగా కోసి పైకి తెస్తుంది. ఆ కడ్డీని కోరు అంటారు, కాక ఇంటి తలుపుకు అడ్డం పెట్టింది అలాంటి ముక్కే. కాక పొద్దున నమాజు అయ్యాక పాలు లేని చాయ్ ఒక గ్లాసు తాగి, ఇంజన్ మొదలుపెట్టే ముందు దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచేవాడు, ఎద్దు మెడ మీద పెట్టినట్టు. ఎండాకాలంలో కూడా చేతుల్లేని ఉన్ని స్వెటర్ విప్పేవాడు కాదు. ఎందుకని అడిగితే, లోపలి చెమట బయటి ఎండను చల్లబరుస్తుందని చెప్పేవాడు. నాకంటే గొప్ప అబద్ధాలకోరు అని ఆ రోజే గౌరవం కలిగింది. రోజంతా డీజిల్ వాసన, బురద వాసన. గొట్టంలోంచి కోరు జారి బయటపడ్డ క్షణంలో మాత్రం కొత్త కుండలో నీళ్లు పోసినప్పటి వాసన ఒకటి లేచేది. అంత లోతులో అంతకాలం ఉండి, మొదటిసారి గాలి తగిలిన రాయి వాసన అది.

కోరును పెట్టెలో పెట్టడం నా పని. బారెడు చెక్క పెట్టె, అందులో పొడవునా ఐదు గాడులు. ముందు వచ్చిన రాయి పై గాడిలో ఎడమ కొసకు, తర్వాతిది దాని కుడిపక్కన. గాడి నిండితే కింది గాడిలో మళ్లీ ఎడమ నుంచి. పుస్తకం చదివినట్టే అని కాక చెప్పాడు. ఆ ఉదాహరణ నా దగ్గర పనికిరాదని వెంటనే గ్రహించి, బస్సులో సీట్ల నంబర్ల లాగా అని మార్చాడు. ప్రతి ముక్కకూ పై కొస ఎటో చూపిస్తూ పెయింటుతో బాణం గుర్తు వేయాలి. వరుస మారితే పెట్టె పనికిరాదు, పెట్టె పనికిరాకపోతే బోరు పనికిరాదు.

మా మీద జియాలజిస్టు మాధవ్ సార్. బక్కపలచటి మనిషి, మెడలో బూటు లేసుకు కట్టిన చిన్న భూతద్దం. ఆయన మొదటి రోజు వచ్చి ఒక బూడిదరంగు రాయిని తీసుకుని, అటూ ఇటూ చూసి, నాకేసరికి నేను నోరు తెరిచి నిలబడిపోయాను. తర్వాత ఇంకో ముక్క కొస కొరికి నమిలాడు. ఇంట్ల తిండి పెడ్తలేరా ఏందని కాక చెవిలో అన్నాను. సార్‌కు వినిపించింది. కోప్పడకుండా నా చేతికీ ఒక ముక్క ఇచ్చాడు. మెత్తటి బంకమట్టి రాయి అయితే నాలుకకు అతుక్కుంటుందట, సన్న ఇసుక కలిసినదైతే పళ్ల కింద గరగరలాడుతుందట. వాగులో పిడికెడు ఇసుక తీసి, ఇది ముందు ముందు కాబోయే రాయి అన్నాడు. వరద వచ్చినప్పుడు బరువైన గులకరాళ్లు ముందు కిందికి దిగుతాయని, సన్నవి వాటి మీద, బురద అన్నిటికంటే ఆఖరున పడుతుందని, కింద ఉన్నది పాతది, మీద ఉన్నది కొత్తదని చెప్పాడు. ఒకరోజు నల్లబూడిద రంగు పలకరాయి ముక్క నా చేతిలోంచి జారి, పొరలు పొరలుగా విచ్చుకుంది. లోపల ఆకు. నాలుక ఆకారంలో సగం ఆకు, నడిమి ఈనె, పక్క ఈనెలు, అన్నీ. మిషన్ కోసిన చోట సగం తెగింది. నేను పైకి చూశాను, ఏ చెట్టు నుంచైనా రాలి పడిందేమోనని. చుట్టుపక్కల చెట్టే లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పాను. బొగ్గంటే చెట్లట నాయినా, మనుషులు పుట్టకముందు ఇక్కడ బురద నీళ్లలో అడవి ఉండేదట, చెట్లు కూలి నీళ్లలో పడి కుళ్లకుండా మునిగి, మీద ఇసుక పడి పడి బొగ్గయినయట. జోకు వేస్తున్నానని అమ్మ నవ్వింది. నాయిన నవ్వలేదు. చాయ్ సాసర్ కింద పెట్టి, పొయ్యి పక్కనున్న బొగ్గు పెళ్ల తీసి తిప్పి తిప్పి చూశాడు. "ఇన్నేండ్ల సంది నేను కొట్టింది చెట్లనా?" అన్నాడు. నాయిన మొహంలో అలాంటి బెదురు నేను అంతకుముందు చూడలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం రోజులు అవి, వారంలో రెండు రోజులు బందు. డిగ్రీ మొదటి సంవత్సరం జియాలజీ పిల్లలను మా క్యాంపుకు తీసుకొస్తామన్న కాలేజీ వాళ్లు బందుల వల్ల రెండుసార్లు వాయిదా వేసి, మూడోసారి వస్తున్నామని కబురు పెట్టారు. బొగ్గు పొర తగిలిన పెట్టెను వాళ్లకు చూపిస్తానని సార్ అన్నాడు. దుకాణాలు మూసి ఉండి పెయింటు దొరకక, ఆ ఒక్క పెట్టెలోని ముక్కలకు కాక సుద్దముక్కతో బాణాలు గీశాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు బోరులో కోరు సగం పిండైపోయి వచ్చింది. కాంట్రాక్టరు వచ్చి, ఇంకొక్క బోరు ఇలా చెడితే మిషన్ వేరేవాళ్ల చేతికిస్తానని అందరి ముందు కాక మొహం మీదే చెప్పిపోయాడు. కాకకు అప్పటికి అరవై దగ్గర పడ్డాయి. మిషన్ చేయి జారితే మరొకరు పిలిచి పని ఇచ్చే వయసు కాదు.

పిల్లలు వచ్చే రోజు పొద్దున కాక డీజిల్ కోసం సెంటినరీ కాలనీకి పోయాడు. పెట్టె చూశాను. అంతా దుమ్ము, బురద చారలు. చుట్టాలు వస్తున్నారంటే మా అమ్మ గడప కడిగి పసుపు పెట్టేది. ఆ అలవాటు నాలోనూ ఉంది. ముక్కలన్నీ బయటికి తీశాను, బకెట్ నీళ్లు పెట్టుకుని కుచ్చు బ్రష్‌తో ఒక్కొక్కటీ రుద్దాను. ఒక బూడిదరంగు ముక్క సబ్బులా చేతిలో జారింది, ఇంకా రుద్దాను. గోనెపట్టా మీద ఎండబెట్టి తిరిగి పెట్టెలో సర్దాను. సుద్ద గుర్తులు పోయాయని సర్దేటప్పుడు చూశాను. చూసి, అందుకే ఇంత శుభ్రంగా వచ్చాయనుకున్నాను. పొడుగువి పై గాడిలో, పొట్టివి కింద, జానెడు బొగ్గు ముక్క నట్టనడుమ, నుదుటి బొట్టులా. ఎంత బాగుందంటే, కాసేపు దూరం నుంచి నిలబడి చూసుకున్నాను.

ఇరవై మంది దాకా వచ్చారు, నోటుపుస్తకాలు, గొడుగులు, నీళ్ల సీసాలు. అప్పటికే డీజిల్‌తో తిరిగొచ్చిన కాక ఇంజన్ బందు చేశాడు. సార్ పాఠం మొదలుపెట్టాడు. కింద ఉన్నది పాతది అనగానే నేను వెనక నుంచి, మా ఇంట్ల బొంతలు గూడ గంతే సార్, అన్నిట్ల కింద ఉన్నది మా అవ్వ పెండ్లి బొంత అన్నాను. అంతా నవ్వారు. సార్ కూడా నవ్వి, బాగా చెప్పాడు, రాసుకోండి అన్నాడు. ముందు వరుసలో నీలం చున్నీ అమ్మాయి నిజంగానే రాసుకుంది. బడి వదిలిన వాడి మాట కాలేజీ పుస్తకంలోకి ఎక్కింది. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పను.

సార్ పెట్టె ముందు కూర్చుని, బొగ్గు ముక్క చూపించి, దీని కింద ఏముండాలి అని ఆ అమ్మాయినే అడిగాడు. చెట్లు నిలబడిన మట్టి ఉండాలి, అందులో వేర్లు కనిపించాలి అని ఆమె చెప్పింది. చూపించమన్నాడు. ఆమె వంగి చాలాసేపు వెతికి, భయంభయంగా తల ఎత్తింది.

"సార్, వేర్లు బొగ్గు మీద ఉన్నాయి. పైకి పోయేకొద్దీ సన్నబడుతున్నాయి."

తప్పు చూసిందనుకుని సార్ అద్దం కంటికి పెట్టుకున్నాడు. నేనూ మెడ చాచాను. నేను సబ్బులా రుద్దిన ముక్కలోనే, కడిగినందువల్ల మరింత స్పష్టంగా, వెంట్రుకల్లాంటి నల్లటి చారలు కొమ్మలు కొమ్మలుగా చీలి పైకి పోతున్నాయి. చెట్టు ఆకాశంలో వేళ్లూని నేలలోకి ఆకులు వేసినట్టు. రాళ్లకు నోరు లేదు కదా, ఎటు పెట్టినా ఎవడికి తెలుస్తుంది అనుకున్నవాణ్ని.

"యాకూబ్, ఈ పెట్టె ఎవరు పెట్టిన్రు?"

కాక వంగి చూశాడు. ఆ ముక్క మీద వేలు పెట్టి తీశాడు. తర్వాత పెట్టెను వదిలి నా చేతి గోళ్ల వైపు చూశాడు. గోళ్ల నిండా బూడిదరంగు మట్టి.

"జిమ్మేదారి నాది సార్. ఈ బోరుల ప్రతి పెట్టె నాదే."

"వరుస మీదనే నమ్మకం లేకుంటే నేను సంతకం ఎట్ల పెట్టాలె? ఒక పెట్టె ఇయ్యాల బయటపడ్డది. మిగతాయి?"

కాక భుజం మీది రుమాలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు మడతలయ్యాక మళ్లీ విప్పి మళ్లీ మడిచాడు. నేను కడిగానని చెప్పడానికి నోరు తెరిస్తే మాట రాలేదు. మాట రాకపోవడం అనే కష్టం నాకూ వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదు. ఎట్టకేలకు, నేనే సార్, నేను కడిగిన అన్నాను. పిల్లలంతా ఫక్కున నవ్వారు. ఇందాకటి బొంతల జోకు మొహమే కదా ఇది. సార్ కళ్లు ఎర్రబడ్డాయి, తమాషా బంద్ పెట్టుమన్నాడు. చేతులు చాచి గోళ్లు చూపించాను. పొడుగువి ఒక దిక్కు, పొట్టివి ఒక దిక్కు, చుట్టాలకు మంచిగ కనపడాలని పెట్టానని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయితే నువ్వే మంచిగ వెట్టు," అన్నాడు సార్. "నేను చెయ్యి వెయ్య. వీళ్లు సూస్తరు."

ముక్కలన్నీ మళ్లీ గోనెపట్టా మీదికి వచ్చాయి. ఇరవై మంది కాలేజీ పిల్లలు చుట్టూ నిలబడి ఉండగా మధ్యలో నేను గొంతుక్కూర్చున్నాను. ముందు వేర్ల ముక్క తీసుకున్నాను. వేరు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, కాబట్టి సన్న కొసలు కిందికి, అంటే పెట్టెలో కుడివైపుకి. దాని మీద బొగ్గు. బొగ్గు విరిగిన కొసలో చిన్న మెట్టు ఉంది, మట్టిరాయి కొసలో సరిగ్గా దానికి సరిపడే గుంట ఉంది, పగిలిన కుండ పెంకుల్లా రెండూ అతుక్కున్నాయి. ఆకు ఉన్న పలకరాయి బొగ్గుకు పైన, ఎందుకంటే ఆకులు పడ్డది ఆఖరున. ఇసుకరాయి ముక్కల్లో గులకరాళ్లున్న కొస కిందికి, సన్న కొస పైకి. ఒక్కో ముక్క పెట్టేటప్పుడు ఎందుకలా పెడుతున్నానో పైకే చెప్పుకున్నాను, భయానికి. తల వంచి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. చివరికి రెండు చిన్న ముక్కలు మిగిలాయి. కొసలు నా బ్రష్‌కు అరిగిపోయాయి, దేనికీ అతకడం లేదు. చూడటానికి రెండూ ఒకటే. ఏం చేయాలో తోచక ఒకదాన్ని నాలుక మీద పెట్టుకున్నాను. అతుక్కుంది. రెండోదాన్ని కొరికాను. గరగరలాడింది. అతుక్కున్నదాన్ని మట్టిరాయి పక్కన, రెండోదాన్ని ఇసుకరాయి పక్కన పెట్టాను. వెనక ఎవరో అబ్బాయి ఛీ అన్నాడు. నీలం చున్నీ అమ్మాయి మాత్రం చెయ్యి చాచి, నాకూ ఇవ్వండి అంది.

సార్ పావుగంట పాటు అద్దంతో ప్రతి అతుకూ చూశాడు. ఆ రెండు ముక్కల దగ్గర ప్రశ్న గుర్తు పెట్టాడు. జరిగింది జరిగినట్టు తన పుస్తకంలో రాశాడు, నా పేరుతో సహా. తర్వాత మిగతా పెట్టెలు తెరిపించి పెయింటు బాణాలు ఒక్కొక్కటీ సరిచూసి, అప్పుడు సంతకం పెట్టాడు. మిషన్ కాక చేతిలోనే ఉండిపోయింది.

మొన్న నలభయ్యో రోజు భోజనం అయ్యాక ఆ చేను వైపు పోయాను. రోడ్డు పక్క కంచె దగ్గర ఆగి కిందికి చూసి, కంచె పట్టుకున్నాను. ఓపెన్ కాస్టు గొయ్యి. గోడలు మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నాయి, అడుగున డంపర్లు చీమల్లా ఉన్నాయి. ఆ గోడ మీద, నేను గాడిలో పక్కపక్కన పెట్టిన ముక్కలే కొండంత ఎత్తున ఒకదాని కింద ఒకటి: తెల్లటి ఇసుకరాయి, పలకరాయి, బొగ్గు, దాని కింద వేర్ల మట్టి. వరుస తప్పలేదు. అప్పట్లో ఆ చేల రైతులు మాకు మజ్జిగ తెచ్చిపెట్టి, మా భూమి కింద ఏమున్నదిరా అని ఆశగా అడిగేవాళ్లు. నేను ఉత్సాహంగా చెప్పేవాణ్ని. మేం చేసింది పాఠం అనుకున్నాను, ఆ గొయ్యికి మొదటి సూది గుచ్చింది మేమేనని అప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. రాష్ట్రం వచ్చింది, ఊరు ఒకే తీరు ఇళ్ల కాలనీకి మారింది, వాళ్ల పిల్లల్లో కొందరు ఆ డంపర్లే నడుపుతున్నారు. మా ఇంట్లో ఇప్పుడు గ్యాసు పొయ్యి, పచ్చిపులుసుకు వాసన లేదు. మా అమ్మాయికి పొరల పాఠం ఫోన్లో రంగురంగుల బొమ్మలుగా వస్తుంది, వేలితో జరుపుకుంటూ చదువుతుంది, మార్కులు కూడా బాగా వస్తాయి. ఎవరూ ఏదీ నాకనక్కర్లేదు. ఇది మంచిదా చెడ్డదా అంటే చెప్పలేను.

ఆ రోజు పిల్లల బస్సు పోయాక, కాక స్టవ్ మీద చాయ్ పెట్టాడు. ఇద్దరం పెట్టెకు చెరోపక్క కూర్చున్నాం. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. తప్పు నాదని నీకు తెల్సు, నా గోళ్లు సూసినవ్, అయినా నీ మీద ఎందుకేసుకున్నవ్ కాకా అని అడిగాను. కాక గ్లాసులోకి ఊది, ఒక గుక్క తాగి, నన్ను కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూశాడు.

"ముప్పై ఏండ్ల సంది భూమిలకెల్లి తీసిన ప్రతి రాయికి ఏది పై కొస, ఏది కింది కొస అని సూసి పెట్టిన బిడ్డా. నిన్నొక్కన్నే సూడకుంట పనిల వెట్టుకున్న."